ఆమె కడుపు గాదె కాదు

‘నెలకు సరిపడా సరుకులు తెచ్చిపెట్టుకోండి’ అన్నారు, 2020 మార్చి లాక్‌డౌన్ వేళ. తాండూరు నాపరాళ్ల పాలిషింగ్‌లో, వికారాబాద్ ఇళ్లల్లో పాచిపనిలో, ఏ రోజు కూలితో ఆ రోజే పొయ్యి వెలిగించే ఆడవాళ్లు ఎక్కణ్ణించి తెచ్చిపెట్టుకోవాలి?

తెల్లకార్డుంటే మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు రాష్ట్ర ప్రభుత్వమిచ్చింది. కేంద్రం ప్రకటించిన పప్పు ఇంటికి నెలకు కిలో. కందులకు పేరుపడ్డ తాండూరుకైనా అంతే! మిగతా రోజులు పప్పులో నీళ్లు పోసేదెవరు? అందరూ తిన్నాక గిన్నె గీక్కునేదెవరు? దాన్నే ‘ఇల్లాలి పొదుపు’ అని మెచ్చుకుంటాం. పొదుపు కాదది, పస్తు.

కార్డు లేని వలస కూలీతో సహా ప్రతి ఇంటికీ పప్పూ నూనే రేషన్‌లో రావాలి. డబ్బు ఆమె చేతికే అందాలి. ఆమె అందరితోపాటే కూర్చుని తినాలి.