గుడారంలో రాజభోగం

పేరుకే గుడారం. లోపల మెత్తటి పరుపు, వేడినీళ్ల స్నానాలగది! తెర తీస్తే ఎదురుగా కొండలే కొండలు. లద్దాఖ్‌లోని థిక్సేలో, నుబ్రా లోయలో ఏటా వేసవికి వెలిసే ఖరీదైన డేరాల సంగతిది. చలి ముదిరేలోపు విప్పేస్తారు.

థిక్సేలో పన్నెండు అంతస్తుల బౌద్ధారామం, నుబ్రాలో ఇసుకతిన్నెల మీద రెండు మూపురాల ఒంటెలు... పిల్లలకు పండగే.

అయితే ఒక్కమాట. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరలో 11,500 అడుగుల ఎత్తున్న లేహ్‌లో దిగుతారు. అక్కడ పీల్చే గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. ఎంత ఖరీదైన డేరా అయినా ఆ లోటు తీర్చదు. అందుకే తొలి రెండురోజులూ విశ్రాంతే. పెద్దవాళ్లుంటే బయల్దేరేముందే డాక్టరును అడగాలి. తలనొప్పి, వాంతులు ముదురుతుంటే, కట్టిన డబ్బులు పోతాయని చూడకుండా కిందికి దిగిపోవడమే అసలు మందు.