గాజుతొట్టిలోని మగచేప కోపము



గడచిన మాసమున మా కందిన జాబులలో మూడు ఒక్క సంగతినే గూర్చినవి. ఒకటి జనగామనుండి, ఒకటి మహబూబాబాదునుండి, ఒకటి భూపాలపల్లినుండి వచ్చినవి. వ్రాసిన మువ్వురును ఇంట గాజుతొట్టిలో రంగుచేపలను పెంచుచు, వానిచేత పిల్లలను పెట్టింపవలెనని ప్రయత్నించినవారే. మువ్వురి మొఱయు నొక్కటే: మగచేప ఆడచేపను తఱిమి తఱిమి కొట్టుచున్నది. ఒక యింట ఱెక్కలు చీలినవి. ఒక యింట ఆడచేప చచ్చియే పోయినది. "అది దాని స్వభావము, మన మేమి చేయగలము?" అని యింటివారు చెప్పిరట. ఈ మాటకే మే మిందు జవాబు వ్రాయుచున్నాము.

స్వభావమను మాట నిజమే. గుడ్లు పెట్టుకాలమున మగచేప యొక చోటును తనదిగా చేసికొని, అచ్చటికి వచ్చినదాని నెల్ల తఱుమును. కాని చెఱువులో తఱుమబడిన చేప నాలుగు బారలు ఈదిపోయి ప్రాణము దక్కించుకొనును. రెండడుగుల తొట్టిలో అది యెక్కడికి పోగలదు? గోడకు కొట్టుకొని మరల ఆ నోటికే వచ్చును. స్వభావమును మనము మార్చలేము. చోటును, వేళను మార్చుట మాత్రము మన చేతిలోనే యున్నది.

మీ ప్రాంతపు నీళ్లలోనే దీనికి నిదర్శన మున్నది. ఘనపురపు గణపసముద్రము, బయ్యారము చెఱువు వంటి కాకతీయులనాటి తటాకముల దరిని చేపలు పట్టు కుటుంబముల నడుగుడు. తెలంగాణ రాష్ట్రమత్స్యమైన కొఱ్ఱమీను తన యెఱ్ఱని పిల్లల గుంపును వెంట నుండి కాచును. దగ్గఱకు వచ్చినదానిపై నెగిరి పడును. కోపమని మనము పిలుచునది పిల్లల కాపుదలలో నొక భాగము.

మఱియొక సంగతి. 1973లో నోబెల్ బహుమానము నందుకొన్నవారిలో నొకరైన నికో టింబర్గెన్ అను హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు స్టికిల్‌బ్యాక్ అను చిన్నచేపలను పరిశీలించెను. ఆ జాతి మగచేపకు గుడ్లకాలమున పొట్ట యెఱ్ఱబడును. చేప ఆకారము సరిగా లేని బొమ్మకైనను అడుగున ఎఱుపు పూసినచో మగచేప దానిపై పడెను. కిటికీ యవతల ఎఱ్ఱని తపాలాబండి పోవగా, తొట్టిలోని మగచేపలు దానిని సైతము ఎదుర్కొనబోయెనట! కావున మగచేప కంటికి ఏమి కనబడుచున్నదో మీరు మొదట చూడవలెను. రెండు తొట్లు ప్రక్కప్రక్కల నున్నచో నడుమ అట్ట నిలుపుడు. తొట్టి యెదుట అద్ద మున్నచో తీసివేయుడు.

ఇక జనగామ సోదరి ప్రశ్న. ఆమె పెంచునది ఫైటరు చేప. దీని పుట్టినిల్లు సయాము దేశము, అనగా నేటి థాయిలాండు. ఆ దేశము 2019లో దీనిని తన జాతీయ జలచరముగా ప్రకటించినది. దీని జంటను ఒక్కసారిగా ఒకే నీట వదలుట ప్రమాదము. ఇట్లు చేయుడు.

పది పదునైదు దినములు ఆడ, మగ చేపలను వేఱుగా నుంచి మంచి మేత పెట్టుడు. పిదప పదునైదు ఇరువది లీటర్లు పట్టు తొట్టిలో ఐదాఱంగుళముల లోతు మాత్రమే నీరు పోయుడు. కుళాయినీటిలో క్లోరిను మందు కలిసియుండును గనుక ఒక దినము వెడల్పు పాత్రలో నిలువయుంచి వాడవలెను. నీరు గోరువెచ్చగా, 26 మొదలు 28 డిగ్రీల వఱకు ఉండవలెను. మార్గశిర పుష్యమాసముల చలిలో ఈ ప్రయత్నము మానుట మేలు. నీటిపై ఎండిన బాదమాకు ఒకటి వేయుడు. మగచేప దాని క్రిందనే నురుగుగూడు కట్టును. ఒక మూల నాచును గుబురుగా నింపుడు. అది ఆడచేపకు దాగుచోటు. దీనిని ఎన్నడును మఱువరాదు.

మగచేపను ముందుగా వదలుడు. ఆడచేపను పాత లాంతరు చిమ్నీలో నుంచి తొట్టినడుమ నిలుపుడు. చిమ్నీ పై అంచు నీటికి పైగా నుండవలెను. ఒకటి రెండు దినములు అవి యొకదాని నొకటి చూచుకొనును గాని తాకలేవు. ఆడచేప పొట్ట నిండుగా నుండి, ఒంటిపై నిలువుచారలు తేలి, పొట్టక్రింద తెల్లని చుక్క కనబడినచో సిద్ధముగా నున్నదని యెఱుగుడు. అడ్డచారలతో వెలవెలబోయి మూల నక్కినచో అది భయము. ఆ దినమున వదలవలదు. నురుగుగూడును, నిలువుచారలును రెండును కనబడిన ఉదయముననే చిమ్నీ నెత్తుడు.

మొదట కొంత తఱుముట, ఒకటి రెండు చీలికలు తప్పవు. అది ఆగక, ఆడచేప దాగుచోటునుండి వెలికి రాకున్నచో వేఱుచేసి, వారమైన పిదప మరల చూడుడు. జత కుదిరినచో మగచేప ఆడచేపను చుట్టుకొనును. రాలిన గుడ్లను నోట నేఱి గూటిలో నుంచును. ఇది కొన్ని గంటలు సాగును. గుడ్లు పెట్టుట ముగియగానే ఆడచేపను తీసివేయుడు. చావు లెక్కువగా సంభవించునది ఈ ఘడియలోనే. ఏలయన గూడు కాచు మగచేపకు ఇప్పు డది గుడ్లు తిన వచ్చిన శత్రువు. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. మఱి రెండు మూడు దినములకు అవి అడ్డముగా ఈదసాగినప్పుడు మగచేపనుగూడ తీయవలెను. తొట్టికి మూత యుండవలెను. ఈ చేపలు పైగాలిని పీల్చునవి గనుక చల్లగాలి తగులుట పిల్లలకు హాని.

మహబూబాబాదు సోదరి పెంచునవి గప్పీలు. ఇవి చంపునవి కావు, వేధించునవి. మగచేపలు ఎక్కువై ఆడచేపలు తక్కువైనచో, చూలుతో నున్నదానికి మేత తినుటకైనను తీరిక యుండదు. అలసి చిక్కి చచ్చును. ఒక మగచేపకు రెండు మూడు ఆడచేపల వంతున నుంచుడు. మిగిలిన మగచేపలను వేఱు తొట్టిలో నుంచుడు. ఇంతకు మించిన వైద్యము లేదు.

భూపాలపల్లి సోదరి యింట నున్నవి సిక్లిడ్ జాతివి. వీనిలో పలుజాతులు జంటగా కాపుర ముండి పిల్లలను కాచును. కాని మనము బలవంతముగ కూర్చిన జంట కుదురుట యరుదు. ఆఱు చిన్నపిల్లలను కలిపి పెంచి, అవి తామే జత కట్టినపిదప ఆ జతను వేఱుచేయుట మంచిది. ఆడచేపను ముందుగా తొట్టిలో నుంచి, అది చోటు తెలిసికొన్న తర్వాత మగచేపను వదలుడు. మగచేప ముందునుండి యున్నచో, కొత్తది వచ్చుటకు ముందు రాళ్లను, కుండపెంకులను కదిపి మార్చుడు. పాత హద్దులు చెరిగిపోవును. ఆడచేప మాత్రమే దూరగల సందుగల పూలకుండీ నొకటి బోర్లించియుంచుడు. అప్పటికిని కొట్టుచున్నచో గాజుపలకతో తొట్టిని రెండుగా చేయుడు.

గాయపడిన ఆడచేపను శుభ్రమైన నీటిలో ఒంటరిగా నుంచి, దినదినము కొంత నీరు మార్చినచో ఱెక్క మరల మొలచును. పూర్తిగా కోలుకొనక మునుపు మగచేప దరికి చేర్పరాదు.

కోపిష్ఠి చేపను చెఱువులో వదలుదుమా అని యొక సోదరి యడిగినది. వలదు. గాజుతొట్లనుండి బయటపడిన సక్కరు చేపలే నేడు కృష్ణానదిలో దయ్యపుచేపలను పేర జాలరుల వలలను చింపుచున్నవి. తెచ్చిన అంగడివానికే తిరిగి యిచ్చుట, లేదా ఒంటరిగా పెంచుట యుచితము.

నురుగుగూటినుండి వెలువడిన పిల్లలకు మొదటి వారము పెట్టవలసిన మేతను గూర్చి వచ్చు సంచికలో వ్రాయుదుము. ఈ పద్ధతి ననుసరించినవారు తమ యనుభవమును మాకు తెలుపగోరుచున్నాము.