చెఱువుకట్టయే పాఠశాల

సివిలు ఇంజనీరింగు పట్టమును పుచ్చుకొని యేటేట మన కళాశాలలనుండి వెలువడు యువతీయువకులలో, ఒక చెఱువుకట్టపై లెవెలు యంత్రమును నిలిపి, కట్ట తలకును అలుగునకును గల ఎత్తుభేదమును తమ కన్నులతో చూచి తమ చేతులతో లెక్కించినవారెందఱు? తాము కలిపిన కాంక్రీటును తామే విఱిచి దాని సత్తువను కనుగొన్నవారెందఱు? ఈ ప్రశ్న పరీక్షాపత్రములో నెన్నడును గానరాదు. కాని కుండపోతగా వాన కురిసిన రాత్రి, నిండిన చెఱువు అడుగు ప్రశ్న యిదియే.

ప్రయోగశాలలు లేవని మేమనుట లేదు. సర్వేక్షణము పాఠ్యక్రమమున నున్నది, మట్టిపరీక్షలున్నవి, కాంక్రీటు పరీక్షలున్నవి. కాని పదిమంది ఒక యంత్రముచుట్టు మూగి, ఒకడు చూడగా తక్కిన తొమ్మండ్రు అంకెలు వ్రాసికొనుట, నిరుటివారి రికార్డును నేడు నకలు చేయుట, కడపటియేట తాము చేయవలసిన ప్రాజెక్టును అంగడిలో కొని సమర్పించుట, ఇవి ఎల్లయెడల గాకున్నను పెక్కుచోట్ల జరుగుచున్నవని చదువరు లెఱుగనిది కాదు. 2018లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి నమూనా పాఠ్యక్రమమును ప్రకటించి, మొత్తము క్రెడిట్లను 160కి తగ్గించి, ఇంటర్న్‌షిప్పునకు చోటు గల్పించినది. ఉద్దేశము మంచిదే. కాని చోటు గల్పించినంతమాత్రమున పని నేర్పినట్లు గాదు. ఏ కట్టడముచెంతనో కొన్ని వారములు కూర్చుండి హాజరుపత్రము తెచ్చుకొన్నవాడు, చేయి మట్టిలో పెట్టినవాడు ఒక్కటి కారు.

ఈ సంగతి మన పూర్వులకు దెలియనిది కాదు. కడపమండలమున పోరుమామిళ్ల చెఱువును 14వ శతాబ్దమున విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు త్రవ్వించెను. 1369వ సంవత్సరపు సంస్కృత శాసనమొకటి యచ్చట నున్నది. మంచి చెఱువునకు పండ్రెండు అంగములు, ఆఱు దోషములు గలవని అది వివరించును. కట్టనుండి నీరూఱుట, చవుటినేల, చెఱువు నడుమ తాబేటివీపువలె నుబ్బిన మిట్ట, నీరు కొంచెమై పాఱుదలభూమి యెక్కువగుట మున్నగునవి దోషములు. అంగములలో జలశాస్త్రము నెఱిగిన పండితుడు ఒకటి. పనియందు ఆరితేరిన జనసమూహము మఱియొకటి. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు రెండేండ్లు పనిచేసిరనియు శాసనము చెప్పుచున్నది. పండితుని, పనివానిని ఒకే పట్టికలో చేర్చిన వివేకమును పాఠకులు గమనింతురుగాక! నేటి మన విద్య ఆ యిరువురను వేఱుచేసినది. ఒకనిని గదిలో గూర్చుండబెట్టినది. మఱియొకనిని ఎండలో నిలిపినది. వారిద్దఱు ముఖాముఖి మాటలాడు దినమే లేదు.

బ్రిటిషు ప్రభుత్వమువారు మన దేశమున ఇంజనీరింగు కళాశాలను స్థాపించినప్పుడు సైతము ఈ సత్యమును విస్మరింపలేదు. 1847లో రూర్కీయందు కళాశాల తెఱచుటకు, ఆ యూరిదాపున గంగాకాలువ పనులును కర్మశాలలును ఉండుటయే ముఖ్యకారణము. సొలానీ నదిమీదుగా కాలువను దాటించు మహాసేతువు అప్పుడు కట్టబడుచుండెను. 1854లో కాలువకు నీరు వదలిరి. పాఠశాలను పనిచెంతకు దెచ్చిరేగాని పనిని పాఠశాలలోని బొమ్మగా మార్చలేదు. ఆ కళాశాలయే 2001లో ఐ.ఐ.టి. యైనది.

ధవళేశ్వరము మాటయు నట్టిదే. 1847లో మొదలై 1852లో ముగిసిన గోదావరి ఆనకట్ట యిసుకపై నిలిచినది. అడుగు తేలని యిసుకలో పునాది నిలుపు నుపాయమును కావేరిమీది కల్లణైని గట్టిన ప్రాచీన శిల్పులనుండియే తాము నేర్చితిమని కాటనుదొర యొప్పుకొనెను. ఆయన గురువు నిలిచియున్న కట్ట. మనకు అట్టి గురువులు కొదువయా? తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ లెక్కకు వచ్చిన చెఱువులు, కుంటలే 46,000 పైచిలుకు. రాయలసీమలో, కోస్తాలో నున్నవి వేఱు. ఊరూర గురువుండగా శిష్యుడు గదిలో గూర్చుండి గోడను చూచుచున్నాడు.

ఇది పాండిత్యచర్చ గాదు, ప్రాణములతోడి వ్యవహారము. 2021 నవంబరు 19వ తేదీన, నాటి కడపజిల్లాలో, పింఛా జలాశయపు కట్ట తెగి, ఆ వఱద దిగువనున్న అన్నమయ్య జలాశయముపై బడెను. చెయ్యేటిపై నున్న ఆ మట్టికట్ట కొట్టుకొనిపోయెను. పులపత్తూరు, మందపల్లి మున్నగు పల్లెలలో ఇండ్లు కూలినవి; జనులు మరణించిరి. ఇందు తప్పెవరిదని తీర్పుచెప్పుట మా పని గాదు. కాని యొక్క మాట స్పష్టము. మట్టికట్ట తలమీదుగా నీరు పొర్లెనా, అది యెక్కువసేపు నిలువదు. కావుననే అలుగు వెడల్పు, గేట్ల నడక, కట్ట యెత్తు అన్నియు ముందే సరిచూచుకొనవలెను. పాఠ్యగ్రంథమున ఇది రెండు పంక్తుల వాక్యము. ఏటియొడ్డున ఇది ఊళ్ల కథ.

అందువలన మా సూచన యిది. ప్రతి ఇంజనీరింగు కళాశాల తనకు సమీపముననున్న చెఱువు నొకదానిని చేపట్టవలెను. విద్యార్థి నాలుగేండ్ల చదువు దానిచుట్టు తిరుగవలెను. మొదటియేట అతడు కట్టపై నడచి, తూములు, అలుగు, కాలువలు, ఆయకట్టు పటమున దించవలెను. రెండవయేట లెవెలుతో కట్ట యెక్కడ క్రుంగినదో, పూడిక ఎంత పేరినదో కొలువవలెను. మూడవయేట ఆ కట్టమట్టినే తెచ్చి పరీక్షింపవలెను. నాల్గవయేట మరమ్మతునకు అంచనా కట్టి, దానిని తెలుగున వ్రాసి, గ్రామపంచాయతీ యెదుట రైతులకు చదివి వినిపింపవలెను. రైతు వేయు ప్రశ్నకు బదులు చెప్పగలిగినవాడే ఉత్తీర్ణుడు.

ఇట్టి పనివలన నేమి కలుగునో రెండు నిదర్శనములు చాలును. అద్దపుగోడల తొట్టిలో చిన్న మట్టికట్ట నొకటి పోసి, ఒకవైపు నీరు నిలిపినచో, తడి కట్టలో మెల్లగా ప్రాకి అవతలి పాదమున బయటపడుట కన్నులకు గట్టును. ఊట తేటగా నున్నంతవఱకు భయము తక్కువ; అది బురదనీరుగా మాఱెనా, కట్టలోని మట్టి కొట్టుకొనివచ్చుచున్నదని యర్థము. పాదమున ఇసుక, కంకరల వడపోత నుంచినచో నీరు వచ్చును గాని మట్టి రాదు. దీనిని ఒక్కసారి చూచినవాడు జన్మలో మఱవడు. అట్లే ఒకే పాళ్ల కాంక్రీటుతో 15 సెంటీమీటర్ల దిమ్మెలు రెండు పోయవలెను. ఒకదానికి సరియైన నీరు. రెండవదానికి పని సులువగుటకు మేస్త్రీలు చేర్పించునట్లు రెండు చెంబు లధికము. 28 దినములు నీట నానబెట్టి యంత్రమున నొక్కినచో నీరెక్కువైన దిమ్మె ముందుగా పగులును. ఆ పగుళ్ల చప్పుడు విన్న విద్యార్థి, రేపు ఇంజనీరై నిలిచిన చోట, ఎవరెంత తొందరపెట్టినను ఆ రెండు చెంబుల నీరు పోయనీయడు.

కొందఱు ఆక్షేపింతురు. విద్యార్థులకు అపాయము కలుగదా యందురు. వారిచేత కట్టలు కట్టింపుమని మేమనుట లేదు. కొలుచుట, పరీక్షించుట, నమూనా చేయుట, అంచనా వేయుట యనునవే చాలును. అవియు నీటిపారుదలశాఖ యింజనీరుల పర్యవేక్షణలో, వఱదలు లేని కాలమున జరుగవలెను. కూలీల నోటికూడు తీయరాదు. విద్యార్థిని జీతములేని కూలీగ వాడరాదు. వ్యయమధికమని మఱికొందఱందురు. లెవెలు యంత్రములు, దిమ్మెల అచ్చులు, నొక్కుడుయంత్రము కళాశాలలలో నున్నవే. బీరువానుండి వానిని బయటికి దీయుటకు ధనము గాదు, మనసు కావలెను. ఇక అధ్యాపకులకే అనుభవము లేదను మాట నిజమైనదే. అందులకు వారును కట్టయెక్కుటయే మందు.

అంతకంటె గొప్ప సహాయకులు ఊళ్లలోనే యున్నారు. ఏ తూము ఏ దినమున తెఱవవలెనో యెఱిగిన నీరుగట్టువాడు, తెలంగాణమున నీరడి, తరతరములుగ మన్నును ఱాతిని చేతితో నెఱిగిన వడ్డెరలు, ముసలి తాపీమేస్త్రీ, వీరందఱు ఉపాధ్యాయులే. వీరిని గౌరవముతో పిలిచి, దినమునకు తగిన పారితోషికమిచ్చి, విద్యార్థుల యెదుట మాటలాడింపవలెను. వీరి మాటలన్నియు శాస్త్రసమ్మతములని కాదు. విద్యార్థి వానిని కొలిచి చూచి, నిలిచినవానిని గ్రహించి, నిలువనివానిని విడుచుటయే శాస్త్రము. పోరుమామిళ్ల శాసనమున పండితునితోపాటు పేర్కొనబడిన ఆ పనివారి చెంతకు మన యింజనీరు తిరిగి చేరుట కిదియే త్రోవ.

పట్టములు ఏటేట వేలకొలది పంచబడుచున్నవి. వానకాలమును ఏటేట వచ్చుచున్నది. కళాశాలల పాలకులు ఈ వేసవిలోనే ఒక్కొక్క చెఱువు నెన్నుకొందురుగాక! తలిదండ్రులు కళాశాలను చేరబోవునప్పుడు భవనముల యంతస్తులను లెక్కింపక, “మీ విద్యార్థులు ఏ చెఱువును కొలిచినారు?” అని యడుగుదురుగాక! ఆ ప్రశ్నకు సమాధానము దొరకిననాడు మన కట్టలకు కాపలావారు పుట్టినట్లే.