పరిశోధన పదిమందికి చేరాలి

ఒక యువ పరిశోధకుడు నాలుగైదేండ్లు శ్రమించి సిద్ధాంత వ్యాసం సమర్పిస్తాడు. పర్యవేక్షకుడు, ఇద్దరు ముగ్గురు పరీక్షకులు దానిని చదువుతారు. పట్టా చేతికి వస్తుంది. గ్రంథం బీరువాలో చేరుతుంది. నేడు ‘శోధ్‌గంగ’ ద్వారా అట్టి వ్యాసాలను లక్షలకొలదిగా ఎవరైనా చూడవచ్చును. కాని చూడగలగడం వేరు, గ్రహించగలగడం వేరు. ఇంటి దగ్గర అబ్బాజాన్ అయినా, నాయన అయినా “ఏమి కనిపెట్టినావు బిడ్డా?” అని అడిగితే సూటిగా చెప్పలేనివారు మనలో అనేకులు ఉన్నారు. ఇది వారి అసమర్థత కాదు. చెప్పే విద్యను వారికి ఎవరూ నేర్పలేదు.

అది నేర్పదగిన విద్యయే. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే వక్తృత్వంలో ప్రత్యేకంగా పాఠాలు చెప్పించుకొన్న తరువాతనే, లండనులో బాలబాలికలకు కొవ్వొత్తిని చూపి రసాయనశాస్త్రం బోధించగల ఉపన్యాసకుడైనాడు. మన హైదరాబాదులోనే 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రాన్ని తెలుగులో అందించినారు. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా ఉస్మానియా విద్యార్థుల కొరకు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. మన రెండు భాషలకూ ఈ వారసత్వం ఉన్నది.

సులభంగా చెబితే శాస్త్రం పలుచబడుతుందని కొందరు పెద్దలు శంకిస్తారు. ఫ్లోరైడు సమస్యనే చూడండి. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు, ఏండ్ల తరబడి త్రాగితే, పళ్లకూ ఎముకలకూ హాని చేస్తుంది. ‘నల్లగొండ పద్ధతి’లో నీటికి సున్నం, పటిక కలిపితే ఏర్పడే మడ్డి ఆ ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది. ఎంత పటిక వేయాలో మాత్రం నీటిని పరీక్షించియే నిర్ణయించాలి. ఇందులో శాస్త్రం తగ్గలేదు. బిందె పట్టుకొన్న ఇల్లాలికి కూడ విషయం బోధపడుతుంది. హద్దులను దాచకుండ చెప్పడమే శాస్త్రగౌరవం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో, పరిశోధనను మూడే నిమిషాలలో వివరించే పోటీని ప్రారంభించినది. మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక విభాగం 2018లో, పరిశోధకులు తమ కృషిని సామాన్య పాఠకుల కొరకు వ్రాసే ‘అవసర్’ పోటీని చేపట్టినది. బహుమతులు కొద్దిమందికే దక్కుతాయి. శిక్షణ అందరికీ అవసరం.

కావున ప్రతి సెమిస్టరులో ఒక యువ పరిశోధకుని గాని, పరిశోధకురాలిని గాని కళాశాలకు ఆహ్వానించి, తెలుగులోనో ఉర్దూలోనో పది నిమిషాలు మాట్లాడించాలి. అంతకుముందు రెండు పర్యాయాలు మరొక శాఖ అధ్యాపకుని ఎదుట అభ్యాసం చేయించాలి. ఆయనకు అర్థంకాని ప్రతి మాట వద్దా ఆపాలి. పిదప ఆ ప్రసంగాన్ని రెండు పుటల వ్యాసంగా ఈ సంచికలోనే ప్రచురించాలి. భాషాశాఖల వారమైన మేము ఆ దిద్దుబాటు భారం వహించుటకు సిద్ధంగా ఉన్నాము. యాజమాన్యం, సహాధ్యాపకులు ఈ సూచనను సహృదయంతో పరిశీలిస్తారని ఆశిస్తున్నాము.