బరువు మోసేది గాలి

భద్రాచలం నుండి చింతూరు, సుక్మాల మీదుగా బస్తర్‌లోని చిత్రకోట జలపాతాన్ని చూడబోయే తెలుగు యాత్రికులకు, జగదల్‌పూర్ చేరకముందే దర్భా ఘాటు ఎదురవుతుంది. పడకలు, వంటసామగ్రి, నీళ్ళ ట్యాంకు అమర్చిన కారవాన్‌లో బయలుదేరేవారు ఆ మలుపులకు ముందే ఒక సంగతి గ్రహించాలి. వాహనాన్ని మోసేది రబ్బరు కాదు. అందులో బిగించిన గాలి.

గాలి తగ్గిన టైరు పక్కలు చక్రం తిరిగిన ప్రతిసారీ వంగుతాయి. ఆ వంపుకు వేడి పుడుతుంది. వేడికి లోపలి పొరలు విడిపోయి టైరు పగులుతుంది. బరువు ఎక్కువైనా ఫలితం ఇదే.

మొత్తం బరువు పరిమితికి లోబడి ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. ఉదాహరణకు, ఒక కారవాన్ మొత్తం పరిమితి 4,500 కిలోలు, వెనుక ఇరుసు పరిమితి 3,000 కిలోలు అనుకొందాం. కాటా మీద మొత్తం 4,450 తూగింది. కాని వెనుక ఇరుసు మీదనే 3,150 ఉన్నది. లెక్క సరిపోయినట్లే కనిపించినా వెనుక టైర్లు ప్రమాదంలో ఉన్నట్లే. లీటరు నీరు ఒక కిలో. 200 లీటర్ల ట్యాంకు వెనుక ఇరుసుకు ఆవల ఉంటే, తులాదండం వలె ముందు బరువును కూడా కొంత వెనుకకే నెడుతుంది. అందుచేత నీళ్ళు ఇంటి వద్ద కాక, గమ్యం చేరువలో నింపుకోవడం మేలు.

సామానంతా ఎక్కించిన పిదప కాటా మీద ముందు చక్రాలను, వెనుక చక్రాలను వేరువేరుగా తూచండి. ఆ అంకెలను రిజిస్ట్రేషన్ పత్రంలోని ఇరుసు బరువులతో పోల్చండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఆ పరిమితి దాటి నడపడాన్ని నిషేధించింది. 2019 సవరణతో అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, పైగా ప్రతి అదనపు టన్నుకు 2,000.

గాలిని తెల్లవారుజామున, బండి కదలకముందే గేజితో చూడండి. తయారీదారు ఆ బరువుకు చెప్పిన పీడనమే ఉంచండి. పరుగెత్తిన టైరులో పీడనం పెరగడం సహజం. ఎక్కువైందని తీసివేస్తే, చల్లారిన తరువాత తక్కువ పడుతుంది. జంట చక్రాలలో లోపలి టైరును మరువవద్దు. అది మెత్తబడితే దాని భారం కూడా బయటి టైరే మోయాలి. ఇనుపకడ్డీతో కొట్టి శబ్దం వినే అలవాటు పంక్చరును పట్టిస్తుందేమో గాని, ఇరవై పౌండ్ల లోటును పట్టించదు.

ఘాటు దిగేటప్పుడు వెనుక పడకలపై పిల్లలు నిద్రిస్తుంటారు. బయలుదేరే ముందు కాటా వద్ద గడిపే పది నిమిషాలు వారి కోసమే.