ఎక్కము ముందా, లెక్క ముందా?

"మీవానికి ఎక్కములు ఎంతవరకు వచ్చినవి?" బిడ్డ బడిలో చేరిన ఏడాదికి ఇంటికి వచ్చిన ప్రతి చుట్టమును వేయు మొదటి ప్రశ్న ఇది. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో ఎక్కములకు బదులు 'పహాడే' అందురు. ప్రశ్న మాత్రము అదే. బిడ్డ చేతులు కట్టుకొని నిలబడి, ఊపిరి తిప్పుకొనక పదవ ఎక్కము దాక అప్పజెప్పును. తల్లి మొగము వెలుగును. చుట్టము మెచ్చుకొని చేతిలో ఒక రూపాయి పెట్టును. ఆ వేళ ఎవరును అడుగని ప్రశ్న ఒకటి కలదు: "నాయనా, ఏడు మూళ్ళు ఇరవైయొకటి అంటివి గదా, ఆ ఇరవైయొకటిని ఈ చింతపిక్కలతో పేర్చి చూపగలవా?" ఈ ప్రశ్నను మన విద్యార్థి సోదరీసోదరుల ఎదుట, కళాశాల కార్యవర్గము వారి ఎదుట ఉంచుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మేము ఈ కళాశాలలో చదువుచున్న వారము. మాలో కొందరము ఉర్దూ ప్రాథమిక పాఠశాలల నుండి, కొందరము తెలుగు పాఠశాలల నుండి వచ్చితిమి. ఇంటర్మీడియట్‌లో చేరునాడు మాలో చాలమంది గణితము లేని గ్రూపును వెదకికొని చేరినవారమే. తెలివి చాలక కాదు. లెక్క అనగనే చిన్ననాడు గుండెలో చొరబడిన భయము వదలక. ఆ భయమునకు పుట్టినిల్లు ఎక్కడ అని వెనుకకు నడచి చూచినచో, అది పదవ తరగతి బీజగణితమున గాక, రెండవ తరగతి తీసివేతలో కానవచ్చినది.

సాయంకాలములందు మా పేటలలోని చిన్నపిల్లలకు పాఠములు చెప్పుచుండగా ఈ సంగతి మాకు మరల ఎదురైనది. 52 నుండి 27 తీసివేయుమనినచో ఎందరో పిల్లలు 35 అని వ్రాయుదురు. 'నాలుగు వందల ఏడు' వ్రాయుమనినచో 4007 అని వ్రాయుదురు. వీరే ఎక్కములను తడుముకొనక అప్పజెప్పువారు! మొదటి తప్పును పరిశీలింపుడు. రెండులో నుండి ఏడు పోదు గనుక, బిడ్డ ఏడులో నుండి రెండు తీసినాడు. పెద్దదానిలో నుండి చిన్నది తీయవలెనని మనము చెప్పిన మాటనే పాటించినాడు. రెండవ తప్పులో నాలుగు వందలను 400 అని వ్రాసి, దాని ప్రక్కన 7 చేర్చినాడు. విన్నది విన్నట్లు వ్రాసినాడు. ఇవి సోమరితనపు తప్పులు కావు, ఆలోచించి చేసిన తప్పులు. స్థానమును బట్టి అంకె విలువ మారునన్న ఒక్క సంగతి అతని చేతికి అందలేదు, అంతే. ఇట్టి తప్పునకు బెత్తము చూపినచో పోవునది తప్పు కాదు. ప్రశ్న అడుగు ధైర్యము.

ఇది మన పేటకు మాత్రమే పట్టిన జబ్బు కాదు. ప్రథమ్ సంస్థ గ్రామీణ భారతమున జరుపు 'అసర్' సర్వేలో, పదులు అప్పు తెచ్చుకొనవలసిన రెండంకెల తీసివేతను చేయగలిగిన మూడవ తరగతి పిల్లలు 2022లో నూటికి ఇంచుమించు 26 మంది, 2024లో 34 మంది. పెరుగుదల సంతోషింపదగినదే. అయినను, నూటికి అరువదిమందికి పైగా పిల్లలు ఆ మెట్టు ఎక్కకయే నాలుగవ తరగతిలో అడుగు పెట్టుచున్నారు. మూడవ తరగతి ముగియులోగా ప్రతి బిడ్డకు చదువుట, వ్రాయుట, లెక్కించుట రావలెనని 2021లో ఆరంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమము 2026-27ను గడువుగా పెట్టుకొన్నది. గడువు పెట్టుట ప్రభుత్వము పని. మెట్టు కట్టుట మాత్రము బిడ్డ ప్రక్కన కూర్చున్న మనుష్యుని పని.

ఆ మెట్టు ఏది? ఒకటి, రెండు, మూడు అని నోట పలుకుట వేరు, లెక్కించుట వేరు. లెక్కించుటలో ఇమిడియున్న సూత్రములను 1978లో గెల్మన్, గాలిస్టెల్ అను ఇరువురు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు విడదీసి చూపిరి. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క పేరే చెప్పవలెను. పేర్ల వరుస మారరాదు. చివర పలికిన పేరే మొత్తమును తెలుపును. వస్తువు ఏదైనను ఇదే రీతి. ఏ కొస నుండి మొదలిడినను ఫలితము మారదు. మనకు ఇవి చెప్పనక్కరలేని సంగతులుగా తోచును. కాని అంతకు పూర్వమే, 1941లో వెలువడిన తన గ్రంథమున పియాజే చూపిన పరీక్షను ఇంటిలో చేసి చూడుడు. రెండు వరుసలలో సరిసమానముగా గింజలు పేర్చి, ఒక వరుసను కొంచెము ఎడముగా జరిపినచో, నాలుగైదేండ్ల బిడ్డ సాధారణముగా పొడవైన వరుసలోనే ఎక్కువ గింజలున్నవనును. కంటికి కనిపించు పొడవు వేరు, సంఖ్య వేరు అని తెలియుటకు కాలము పట్టును. ఆ కాలమును మనము ఎక్కములతో నింపివేయుచున్నాము.

మన కళాశాల రెండు భాషల కూడలి గనుక, మరొక సంగతి ఇచటనే చెప్పవలసియున్నది. తెలుగు బిడ్డ పదకొండు మొదలు పంతొమ్మిది దాక పేర్లను కొంత శ్రమపడి నేర్చును. ఆపైన దారి రాజబాట. ఇరవై తెలిసినచో ఇరవైయొకటి, ఇరవైరెండు వాటంతట అవియే వచ్చును. పలుకుటలోను ముందు పదులు, వెనుక ఒకట్లు; వ్రాయుటలోను అంతే. ఉర్దూ బిడ్డకు ఈ సదుపాయము లేదు. ఇక్కీస్, బాయీస్, తేయీస్, చౌబీస్: 'బీస్' అను మాట చివరి దానిలో నిలిచియున్నది, తక్కినవానిలో కరగిపోయినది. నలభై ఐదు 'పైంతాలీస్'. పలుకునప్పుడు ఐదు ముందు, వ్రాయునప్పుడు నాలుగు ముందు. ఇరవైతొమ్మిది 'ఉన్తీస్', అనగా ముప్పదికి ఒకటి తక్కువ. డెబ్బదితొమ్మిదిని తెలుపు 'ఉన్నాసీ' దాక ఇదే పద్ధతి. ఎనుబదితొమ్మిది దగ్గర పద్ధతి మారి 'నవాసీ' అగును. నూరు దాక ఇంచుమించు ప్రతి పేరును విడివిడిగా కంఠస్థము చేయవలసినదే. దీనికి తోడు, అక్షరములను కుడి నుండి ఎడమకు వ్రాయు ఆ చిన్న చేయి సంఖ్యను ఎడమ నుండి కుడికి వ్రాయవలెను.

భాషలో లోపమున్నదని కాదు మా మాట. పావ్, ఆధా, పౌన్, సవా, డేఢ్, ఢాయీ అని భిన్నములకు ఇన్ని పేర్లను బిడ్డకు బజారులోనే నేర్పు భాష ఉర్దూ. మా మాట ఇంతే: ఒకే వయస్సు గల ఇద్దరు పిల్లలు ఒకే బరువు మోయుటలేదు. చైనా భాషలో పదకొండును 'పది ఒకటి' అనియే అందురు. 1995లో మిల్లర్, అతని సహచరులు చైనా, అమెరికా దేశముల చిన్నపిల్లలను పరీక్షింపగా, పది దాక లెక్కించుటలో ఇరువురును సమానముగా నుండిరి. పది దాటిన తరువాతనే అమెరికా పిల్లలు వెనుకబడిరి. అట్లయినచో, ఉర్దూ బిడ్డ నూరు దాక అంకెలు చెప్పుటలో ఆలస్యము చేసినచో అతనిని మందమతి అనుట ఎంత అన్యాయము! అతనికి కావలసినది మరికొంత కాలము, మరికొన్ని పుల్లల కట్టలు. నేడు దీనికి మూడవ బరువు కూడ తోడైనది. తెలంగాణమున 2022-23 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది తరగతులలో ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. 'ఫోర్టీన్', 'ఫార్టీ' అను మాటల నడుమ తికమకపడు బిడ్డకు సంఖ్యయే తెలియదని మనము తలచుచున్నాము.

పుల్లల కట్టలంటిమి. దాని మహిమను మేము కన్నులార చూచితిమి. చీపురుపుల్లలను పదేసి చొప్పున దారముతో కట్టి, ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు బిడ్డ ముందుంచి, "ఇందులో ఇరవైయేడు నాకిమ్ము" అని అడుగవలెను. విడిగా ఉన్నవి రెండే. బిడ్డ మన మొగము చూచును, కట్టల వైపు చూచును; కొంతసేపటికి తానే ఒక కట్ట విప్పును. పండ్రెండు విడిపుల్లలలో ఏడు పోగా ఐదు. నాలుగు కట్టలలో రెండు పోగా రెండు. ఇరవైయైదు! 'అప్పు తెచ్చుకొనుట' అను మంత్రము వేరుగా చెప్పనక్కరలేదు. కట్ట విప్పిన బిడ్డ 35 అని మరల వ్రాసినను, తానే తప్పు పట్టుకొనును.

ఈ సామగ్రి మన ఇండ్లలో ఎన్నడును కరవు కాలేదు. వామనగుంటలలో గుంటకొక గింజ చొప్పున పంచు బాలిక, వస్తువునకొక పేరు అను సూత్రమును చేతితో నేర్చుచున్నది. గవ్వలు వేసి అష్టాచెమ్మా ఆడు బాలుడు పడిన పందెమునకు సరిగా గడులు దాటుచున్నాడు. ఉర్దూ ఇండ్లలోని పచ్చీసీ పేరులోనే ఇరవైయైదు ఉన్నది. అయినను ఆట ఇంటిలోను, లెక్క బడిలోను విడివిడిగా ఉండిపోయినవి. ఈ ఎడబాటు పెద్ద పిల్లలలో ఎంత దూరము పోవునో 2025లో ప్రకటితమైన ఒక పరిశోధన చూపినది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు కలకత్తా, ఢిల్లీ బజారులలో సరకులమ్ము 1,400కు పైగా పిల్లలను పరీక్షించిరి. బేరములో చిక్కు లెక్కలను నోటితో చేసినవారే బడి పద్ధతిలో ఇచ్చిన సులభమైన లెక్కల దగ్గర తడబడిరి. బడి పిల్లలు బజారు లెక్కల దగ్గర తడబడిరి. రెండు గట్లు ఉన్నవి, వంతెన లేదు.

ఎక్కములు వలదా అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. తప్పక కావలెను. నోటికి వచ్చిన ఎక్కము, పెద్ద లెక్కలలో మనస్సుకు విశ్రాంతినిచ్చును. వానిని నేర్పిన పాతకాలపు గురువులకు మేము ఋణపడియున్నాము. మా విన్నపము వరుసను గూర్చియే. మూడేసి గింజల కుప్పలు నాలుగు పెట్టి పండ్రెండు చూచిన బిడ్డకు 'మూడు నాలుగులు పన్నెండు' ఒక జ్ఞాపకము. చూడని బిడ్డకు అది ఒక శబ్దము. శబ్దము మరచినచో దారి లేదు. జ్ఞాపకము జారినచో మరల కుప్పలు పెట్టుకొనవచ్చును.

అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించుటకు తగిన సౌకర్యములు సమకూర్ప యత్నింపవలెనని, 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఆ హక్కును మనము ఉపన్యాసములలో తరచు తలచుకొందుము. దానిని ఒక చాపపై కూర్చుండబెట్టుట మన చేతిలోని పని. కార్యవర్గము వారికి మా కోరిక చిన్నది. కళాశాలలో ఒక గదిని వారమునకు రెండు సాయంకాలములు పరిసర ప్రాథమిక పాఠశాలల పిల్లలకై తెరువుడు. ఉర్దూ బిడ్డకు ఉర్దూలో, తెలుగు బిడ్డకు తెలుగులో లెక్క చెప్పు బాధ్యత మేము వహింతుము. కావలసిన సామగ్రి చింతపిక్కలు, చీపురుపుల్లలు, గవ్వలు, దారము. ఖర్చు పదుల రూపాయలు దాటదు. ఉపాధ్యాయ వృత్తిలో చేరదలచిన మిత్రులకు ఇంతకు మించిన అభ్యాసశాల దొరకదు.

సోదరులారా, ఇకమీదట ఏ ఇంటికైనను వెళ్ళినప్పుడు ఎక్కము ఎంతవరకు వచ్చినదని బిడ్డను అడుగకుడు. గుప్పెడు గింజలు ముందుపోసి, "ఎన్ని ఉన్నవో చూచి చెప్పుము" అని అడుగుడు. బిడ్డ తప్పు చెప్పినచో నవ్వక, "ఎట్లు లెక్కించితివి?" అని మరల అడిగి, చెప్పువరకు ఓపికతో వినుడు.