అసాధ్యం అనగలిగినవాడే వైద్యుడు

నీట్ ర్యాంకులు వచ్చి కౌన్సెలింగ్ మొదలైందంటే తెలుగు ఇళ్లలో ఒక చర్చ తప్పదు. ఎంబీబీఎస్ సీటు అందేలా లేదు, పోనీ ఆయుర్వేద పట్టా బీఏఎంఎస్‌లో చేర్పిద్దామా? అలా సగం మనసుతో మొదలైన చదువు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు నడుస్తుంది. ఎర్రగడ్డలోనో విజయవాడలోనో తిరుపతిలోనో పట్టా పుచ్చుకుని బయటికొస్తే, ప్రభుత్వ నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. బడి పిల్లలను పరీక్షించేందుకు ఊరూరా తిరిగే ఆర్‌బీఎస్‌కే బృందాల్లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికితే అదృష్టమే. లేదంటే ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, తాను చదవని వైద్యానికి కాపలా. ఇప్పుడు వీటన్నిటికంటే ముందు ఎదురొచ్చి పిలుస్తున్నది వెల్‌నెస్ సెంటర్.

ఆ పిలుపు అందుకోవడంలో తప్పేమీ లేదు. ఆయుర్వేదంతో నాలుగు రాళ్లు వెనకేసుకోవడం పాపమని నేననుకోను. బీదతనంలో మద్రాసు చేరిన కె.ఎన్. కేసరి ‘లోధ్ర’ మందుతో గడించారు, ‘గృహలక్ష్మి’ పత్రిక నడిపారు. గోదావరి జిల్లాల్లోని చింతలూరు మందులు తరాలుగా మన ఇళ్లకు వస్తూనే ఉన్నాయి. ఆచంట లక్ష్మీపతి ఇంగ్లీషు వైద్యంలో పట్టా తీసుకున్నాక ఆయుర్వేదం వైపు వచ్చి మద్రాసులో కళాశాల నడిపారు. అమెరికా ఓడ ఎక్కకముందు శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు అనాటమీ చెప్పింది అక్కడే. వైద్యం, వ్యాపారం, ఆధునిక శాస్త్రం ఒకచోట ఇమడవనేవాళ్లు ఈ చరిత్ర చూడాలి.

నా పేచీ వెల్‌నెస్ సెంటర్‌లో పని జరిగే తీరుతోనే. అక్కడ వైద్యుడి పట్టా గోడమీద ఉంటుంది, ప్యాకేజీ ధరలు రిసెప్షన్‌లో ఉంటాయి. చాలాచోట్ల రోగి ముందు కలిసేది రెండోదాన్నే. వారం రోజుల డీటాక్స్‌కు డబ్బు కట్టేశాక నాడి చూసి చేసేదేముంది? ఉదాహరణకు ఆవిరి పెట్టె సంగతి తీసుకోండి. స్వేదనం, అంటే చెమట పట్టించే చికిత్స, చేయకూడనివాళ్లలో గర్భిణులనూ మధుమేహులనూ చరకుడు పేరుపెట్టి చెప్పాడు. ఇంటింటా షుగర్ ఉన్న మన రాష్ట్రాల్లో ఆవిరి స్నానం అందరి ప్యాకేజీలోనూ ఉందంటే, గ్రంథం చదివినవాడి మాట అక్కడ చెల్లడం లేదనే అర్థం. ఉద్యోగంలో చేరే యువ వైద్యుడు జీతం కంటే ముందు అడగాల్సింది ఒకటే: ‘ఈ మనిషికి ఈ చికిత్స వద్దు అంటే, డబ్బు వెనక్కిస్తారా?’ ఇవ్వమంటే, వాళ్లకు కావలసింది అతని పట్టా మాత్రమే.

రోగాన్ని సాధ్యం, అసాధ్యం అని ముందే తేల్చుకోవాలనీ, అసాధ్యమని తెలిసీ చేయిపెట్టిన వైద్యుడు డబ్బూ విద్యా కీర్తీ పోగొట్టుకుంటాడనీ చరక సంహిత హెచ్చరించింది. మార్కెట్ దీన్ని తలకిందులు చేసింది. ఏ రోగమైనా తగ్గిస్తామన్నవాడి దగ్గరే క్యూ ఉంటోంది. మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అయినా 2024లో సుప్రీంకోర్టు అక్షింతలు వేస్తే గానీ పతంజలి సంస్థ పత్రికల్లో క్షమాపణ అచ్చు వేయలేదు. ‘సైడ్ ఎఫెక్టులు అసలే ఉండవు’ అనేది మరో అబద్ధం. 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనంలో, ఇంటర్నెట్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్లో అయిదో వంతుకు పైగా వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి తేలింది. భస్మాలు శుద్ధి చేస్తే విషం కాదని జవాబిస్తే సరిపోదు. ఆ శుద్ధి జరిగిందని ప్రయోగశాల కాగితం చూపించాలి. రోగి అడక్కముందే ఆ కాగితం చూపించే వైద్యుడికి పదేళ్లకు పేరొస్తుంది. చూపించనివాడికి పది నెలల్లో డబ్బు రావచ్చు, అంతవరకే.

ఈ రంగంలో భవిష్యత్తు అనగానే అందరూ డాక్టర్ల గురించే మాట్లాడతారు. చరకుడు చికిత్సకు నాలుగు పాదాలు చెప్పాడు: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి ఉపచారం తెలియాలి, చేతి నేర్పు ఉండాలి, రోగి మీద ప్రేమ ఉండాలి, శుభ్రత ఉండాలి. ఆ మూడో పాదమే ఇవాళ్టి థెరపిస్టు. నూనె కాచేది, గంటసేపు శిరోధార పట్టేది, రోజంతా నిలబడి అభ్యంగనం చేసేది ఈ అమ్మాయిలూ అబ్బాయిలే. సెంటర్‌కు వచ్చే ఆదాయం వాళ్ల రెక్కల కష్టం. పదేళ్లు చేసినా వాళ్లు థెరపిస్టులుగానే మిగిలిపోతారు. నడుం పోతే ఇంటికే. నర్సులకు ఉన్నట్టు రిజిస్ట్రేషన్, పదోన్నతులు, పై చదువుకు దారి వీళ్లకు ఎందుకుండకూడదు? నిజంగా ఉద్యోగాలు పుట్టించాలంటే రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు మొదలుపెట్టాల్సింది ఇక్కడ.

అమెరికా మీద ఆశ పెట్టుకున్నవాళ్లకూ ఒక మాట. అక్కడ ఏ రాష్ట్రమూ ఆయుర్వేద వైద్యుడికి లైసెన్సు ఇవ్వదు. డాలస్ వెళ్లినా న్యూజెర్సీ వెళ్లినా మన బీఏఎంఎస్‌తో చేయగలిగేది ఆహార విహారాల సలహా వరకే. రోగనిర్ధారణ చేస్తే చిక్కుల్లో పడతారు. ఇక్కడ మాత్రం, మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో ‘ఆయుర్వేద కన్సల్టెంట్’ బోర్డు పెట్టినవాడు బీఏఎంఎస్ డాక్టర్ పక్క గదిలోనే కూర్చుంటున్నాడు. ఎవరు ఎవరో రోగికి తెలియదు.

అందుకే ప్రతి సెంటర్ గుమ్మంలో వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు, థెరపిస్టుల శిక్షణ వివరాలు, ఏ జబ్బులు అక్కడ చూడరో ఆ జాబితా తెలుగులో పెట్టించాలి. ఆయుష్ శాఖకు ఇది పెద్ద ఖర్చు కాదు. ఇక చేరబోయే పిల్లలకు నా సలహా: ఎంబీబీఎస్ దొరకలేదన్న దిగులుతో చేరకండి. కీళ్లనొప్పులో, చర్మవ్యాధులో, అర్శమొలలకు క్షారసూత్రమో, ఒకదాన్ని పట్టుకుని లోతుకు వెళ్లండి. చూసిన ప్రతి రోగి వివరమూ రాసిపెట్టుకోండి. ఛాతీ నొప్పి అంటూ వచ్చినవాణ్ని క్షణం ఆలస్యం చేయకుండా గుండె ఆసుపత్రికి పంపండి. ఆ రోజు మీరు పోగొట్టుకునే ఫీజు, ఆ ఇంటిల్లిపాదీ మీ దగ్గరికి వచ్చినప్పుడు తిరిగొస్తుంది.